ఎవరూ గెలవలేదు అనే మాటతో నా పేచీ

పెద్ద గొడవేదైనా ఏళ్ళ తరబడి సాగి సాగి చల్లారాక మనవాళ్ళు ఒక మాటంటారు, "ఏం లాభం, చివరికి ఎవడూ గెలవలేదు" అని. వినడానికి బావుంటుంది, పెద్దమనిషి తరహాగా ఉంటుంది, పైగా అన్నవాడు ఏ పక్షమూ కాదని అందరికీ తెలిసిపోతుంది. మొన్న మా పిన్ని కొడుకు గురించి మాట్లాడుతుంటే ఆఫీసులో ఒకాయన ఇదే మాటన్నాడు. మావాడు ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఎమ్మెస్ చదివి అక్కడే ఉద్యోగం చేసుకుంటున్నాడు. "అక్కడ కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ముప్పై ఏళ్ళు చంపుకున్నారు కదా, ఏమొచ్చింది వాళ్ళకి, ఎవరూ గెలవలేదు" అనేసి ఆయన టీ కప్పు డస్ట్‌బిన్‌లో పడేసి సీటుకి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ మాట అరగలేదు.

నాకేమనిపిస్తుందంటే ఆ మాట నిజం కాదు. గెలిచినవాళ్ళున్నారు, ఓడినవాళ్ళూ ఉన్నారు. కాకపోతే ఈ మతం ఆ మతం, ఈ జెండా ఆ జెండా అని గీత గీసి వెతికితే దొరకరు. "ఎవరూ గెలవలేదు" అనేస్తే ఇంకా ఎవర్నీ వెతకక్కర్లేదు, ఎవర్నీ లెక్క అడగక్కర్లేదు. నా పేచీ అంతా అక్కడే.

అడిగిందేంటి, దక్కిందేంటి

ఉత్తర ఐర్లాండ్ కథ మొదట్నించీ చెప్పను. కాథలిక్కుల్లో ఎక్కువమందికి ఐర్లాండ్ మొత్తం ఒకే దేశం కావాలి, ప్రొటెస్టెంట్లలో ఎక్కువమందికి బ్రిటన్‌లోనే ఉండాలి. 3,500 మందికి పైగా చచ్చిపోయారు. అప్పటి అక్కడి జనాభా 15 లక్షలే. అదే నిష్పత్తిలో కోటి జనాభా ఉన్న మన హైదరాబాద్‌లో అయితే 23 వేల పైచిలుకు శవాలన్నమాట.

1998 ఏప్రిల్ 10న గుడ్‌ఫ్రైడే ఒప్పందం కుదిరింది. అక్కడి మెజారిటీ జనం ఓటేసి కాదనేదాకా ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లోనే ఉంటుంది. దక్షిణాన ఉన్న ఐర్లాండ్ దేశం ఆ భూభాగం మాదే అని రాసుకున్న రాజ్యాంగ నిబంధనల్ని రెఫరెండం పెట్టి మార్చుకుంది, 94 శాతం జనం సరేనన్నారు. ఐర్లాండ్‌ని ఒకటి చెయ్యాలని తుపాకి పట్టిన ఐఆర్ఏ తన ఆశయం నెరవేరకుండానే 2005లో ఆయుధాలు వదిలేసింది. కాగితం మీద చూస్తే గెలిచింది బ్రిటన్‌లోనే ఉండాలనే ప్రొటెస్టెంట్ యూనియనిస్టులే కదా? కానీ ఓడిపోయామన్న బాధ వాళ్ళలోనే ఎక్కువ. జైళ్ళ నుంచి నాలుగొందల మందికి పైగా మిలిటెంట్లని రెండేళ్ళలో వదిలేశారు (వీళ్ళ మిలిటెంట్లనీ వదిలేశారు, అది వేరే సంగతి), పోలీసు శాఖ పేరు మార్చేశారు, నిన్నటిదాకా బాంబులు పెట్టినవాళ్ళ పార్టీ షిన్ ఫేన్ మంత్రివర్గంలో కూర్చుంది. 1921లో సరిహద్దు గీసిందే ప్రొటెస్టెంట్లకి శాశ్వతంగా మెజారిటీ ఉండేలాగ, అలాంటిది 2021 జనాభా లెక్కల్లో కాథలిక్ నేపథ్యం ఉన్నవాళ్ళు 45.7 శాతం, ప్రొటెస్టెంట్ నేపథ్యం ఉన్నవాళ్ళు 43.5. 2024 ఫిబ్రవరిలో షిన్ ఫేన్ పార్టీకి చెందిన మిషెల్ ఓనీల్ ఫస్ట్ మినిస్టర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) అయింది. అలా చూస్తే కోరుకున్నది దక్కినవాళ్ళు ఏడుస్తున్నారు, దక్కనివాళ్ళు కాలర్ ఎగరేస్తున్నారు. మనిషి ఇప్పుడెక్కడున్నాడో చూసుకోడు, బండి ఎటువైపు పోతోందో చూసుకుంటాడు, అంతే తప్ప నాకు వేరే కారణం తోచట్లేదు.

అసలు మొదలెక్కడ? 1968 జూన్‌లో కాలెడన్ అనే పల్లెటూళ్ళో ప్రభుత్వ ఇల్లు ఒకటి 19 ఏళ్ళ పెళ్ళికాని ప్రొటెస్టెంట్ అమ్మాయికి అలాట్ చేశారు. పక్కింట్లో ఉంటున్న పిల్లలు గల కాథలిక్ కుటుంబాన్ని మాత్రం ఖాళీ చేయించారు. ఆస్టిన్ కరీ అనే ఎమ్మెల్యే లాంటాయన ఆ ఇంట్లోకి దూరి బైఠాయించాడు. మనకి డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళ లిస్టులు తెలుసు కదా, ఎవరి పేరు ఎలా ఎక్కుతుందో ఎలా ఎగిరిపోతుందో ఎవరూ నేర్పక్కర్లేదు. అప్పటి డిమాండ్లు కూడా అలాంటివే. ఇళ్ళు న్యాయంగా ఇవ్వండి, స్థానిక ఎన్నికల్లో ఆస్తి ఉన్నవాడికి ఎక్కువ ఓట్లు తీసేసి మనిషికి ఒక్క ఓటు పెట్టండి, డెర్రీ నగరంలో కాథలిక్కులు మెజారిటీ అయినా కౌన్సిల్ వాళ్ళ చేతికి రాకుండా గీసిన వార్డుల గీతలు మార్చండి. అంటే దేశం మార్చమని కాదు, వార్డు మార్చమని.

వీటిలో చాలావరకు మూడు నాలుగేళ్ళలో ఒప్పుకున్నారు. ఓటు హక్కు మారింది, డెర్రీ కౌన్సిల్ రద్దయింది, 1971లో ఇళ్ళ కోసం వేరే సంస్థ పెట్టారు. ఆ 3,500 మందిలో ఎక్కువమంది చచ్చిపోయింది ఇవన్నీ ఒప్పుకున్న తర్వాత! ఆ సంగతి చదివాక నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

తుపాకి లేకపోతే వినేవాళ్ళా?

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. శాంతంగా అడిగితే ఏం జరిగిందో చూశాం కదా అంటారు. 1972 జనవరి 30న డెర్రీలో ఊరేగింపు మీద బ్రిటిష్ పారాట్రూపర్లు కాల్పులు జరిపితే 13 మంది అక్కడే పోయారు, ఇంకొకాయన తర్వాత పోయాడు. వెంటనే వేసిన విచారణ సైనికుల్ని వెనకేసుకొచ్చింది. ఆ తర్వాత ఐఆర్ఏలో చేరడానికి కుర్రాళ్ళు క్యూ కట్టారంటే ఎవర్ని తప్పు పడతాం? ఇంకో మాట కూడా అంటారు, 1992లోనూ 93లోనూ లండన్ ఫైనాన్స్ ఏరియాలో బాంబులు పేలి కోట్ల పౌండ్ల అద్దాలు పగిలాకే బ్రిటన్ సీరియస్‌గా కూర్చుందని. ఈ వాదనని నేను పూర్తిగా కొట్టిపారెయ్యలేను. బాంబుకి భయపడి మాట్లాడ్డం ప్రభుత్వాలకి అలవాటే, భయపడలేదని తర్వాత చెప్పుకోవడం కూడా అలవాటే.

కానీ సన్నింగ్‌డేల్ సంగతి చూడండి. 1973 డిసెంబర్‌లోనే ఒక ఒప్పందం కుదిరింది, ఇద్దరూ కలిసి ప్రభుత్వం నడపడం, దక్షిణ ఐర్లాండ్‌తో ఒక కౌన్సిల్, ఇంచుమించు 1998 నాటి వంటకమే. 1974 మేలో ప్రొటెస్టెంట్ కార్మికుల సమ్మెతో కరెంటు ఆగిపోయి, రోడ్లు మూసేసి, రెండు వారాల్లో అది కూలిపోయింది. ఆ సమ్మె వెనక ప్రొటెస్టెంట్ నాయకుడు ఇయన్ పెయిస్లీ ఉన్నాడు. ఐఆర్ఏకి కూడా ఆ ఒప్పందం అక్కర్లేదు. ఆ తర్వాత ఇంకో రెండు వేల మందికి పైగా పోయాక మళ్ళీ అక్కడికే వచ్చారు. షేమస్ మాలన్ అనే కాథలిక్ నాయకుడు గుడ్‌ఫ్రైడే ఒప్పందాన్ని "మందబుద్ధుల కోసం సన్నింగ్‌డేల్" అన్న అర్థంలో వెక్కిరించింది అందుకే.

ఇక్కడే నాకు గెలిచినవాళ్ళు కనిపిస్తారు. 1998 ఒప్పందం కుదిర్చిన కాథలిక్ నాయకుడు జాన్ హ్యూమ్‌కీ ప్రొటెస్టెంట్ నాయకుడు డేవిడ్ ట్రింబుల్‌కీ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఐదేళ్ళు తిరక్కుండా వాళ్ళిద్దరి పార్టీలనీ జనం వెనక్కి నెట్టేశారు, ట్రింబుల్ 2005లో సొంత సీటు కూడా పోగొట్టుకున్నాడు. ముందుకొచ్చింది ఎవరు? ఒకవైపు, రాజీ అన్న ప్రతిసారీ "నో" అని అరిచిన పెయిస్లీ పార్టీ. ఇంకోవైపు, తుపాకి వదలడానికి 2005 దాకా టైం తీసుకున్నవాళ్ళ పార్టీ, షిన్ ఫేన్. 2007 మే 8న పెయిస్లీ, ఒకప్పటి ఐఆర్ఏ కమాండర్ మార్టిన్ మెగ్గినెస్ పక్కపక్కన కూర్చుని ప్రభుత్వం మొదలుపెట్టారు, ఇద్దరూ తెగ నవ్వుకుంటూ ఫోటోలు దిగారు, జనం వాళ్ళకి నవ్వుల సోదరులని ముద్దుపేరు కూడా పెట్టారు. 2012లో ఎలిజబెత్ రాణి మెగ్గినెస్‌తో చెయ్యి కలిపింది. మన ఆఖరి వైస్రాయ్ మౌంట్‌బాటెన్ ఆమెకి దగ్గర చుట్టం, 1979లో ఆయన్ని పడవలో బాంబు పెట్టి చంపింది ఐఆర్ఏ. నాకు ఆ కరచాలనం మీద కోపం లేదు, అది జరగకపోతే ఇంకా ఎంతమంది పోయేవాళ్ళో. కానీ రాజీ కుదరనీకుండా ముప్పై ఏళ్ళు సాగదీసినవాళ్ళే చివరికి రాజీ తాలూకు కుర్చీల్లో కూర్చున్నారు. దీన్ని గెలుపు అనకపోతే ఏమంటాం?

బ్రెండన్ హ్యూజ్ అని ఐఆర్ఏ బెల్‌ఫాస్ట్ కమాండర్ ఒకాయన ఉండేవాడు, జైల్లో నిరాహార దీక్ష కూడా చేశాడు. చివరి రోజుల్లో నాయకత్వం మీద విరక్తితో ఒక మాటన్నాడు. పడవని నీళ్ళలోకి తొయ్యడానికి వందమంది బురదలో దిగాం, పడవ కదిలాక అది వెళ్ళిపోయింది, మేం బురదలోనే ఉండిపోయాం అన్న అర్థంలో. ఆయన 2008లో చనిపోయాడు, పెద్దగా ఆస్తిపాస్తులేమీ లేకుండానే.

ఇంటి లెక్క వేరు

బురదలో కూడా దిగనివాళ్ళ సంగతేంటి? జీన్ మెకాన్‌విల్ భర్త పోయిన మనిషి, పదిమంది పిల్లల తల్లి. 1972 డిసెంబర్‌లో బెల్‌ఫాస్ట్‌లోని డివిస్ ఫ్లాట్స్‌లో పిల్లలు కాళ్ళకి చుట్టుకుని ఏడుస్తుంటే ఇంట్లోంచి లాక్కుపోయారు. ఇన్ఫార్మర్ అన్న అనుమానంతో చంపామని ఐఆర్ఏ ఒప్పుకోడానికి 1999 దాకా పట్టింది, శవం ఒక బీచ్‌లో దొరికింది 2003లో. మధ్యలో ఆ పిల్లలు కొన్నాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఆ ఫ్లాట్‌లో ఉన్నారు, 15 ఏళ్ళ కూతురు మిగతావాళ్ళని సాకింది, తర్వాత తలొక అనాథాశ్రమంలో వేశారు. తీసుకుపోయినవాళ్ళలో తమ చుట్టుపక్కలవాళ్ళే ఉన్నారని పిల్లలు పెద్దయ్యాక చెప్పారు. రోజూ అదే వీధిలో వాళ్ళ మొహాలే చూస్తూ పెరగడమంటే ఊహించుకోండి.

2024లో షిన్ ఫేన్ మనిషి ఫస్ట్ మినిస్టర్ అవ్వడం ఈ ఇంటికి గెలుపా ఓటమా? వాళ్ళూ కాథలిక్ ఫ్లాట్స్‌లోవాళ్ళే, లెక్కప్రకారం "మన పక్షం" గెలిచినట్టే కదా!

అలాగని మామూలు జనానికి ఏ గెలుపూ దక్కలేదనీ అనలేను. 2010 జూన్ 15న, 1972 నాటి డెర్రీ కాల్పుల మీద మళ్ళీ జరిపిన విచారణ తాలూకు శావిల్ రిపోర్టు బయటికొచ్చింది, డెర్రీలో చనిపోయినవాళ్ళు నిర్దోషులని తేల్చింది, ప్రధాని కామెరాన్ పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పాడు. డెర్రీలో గిల్డ్‌హాల్ దగ్గర గుంపుగా నిలబడ్డ కుటుంబాలు పాత విచారణ రిపోర్టు కాపీని అందరిముందూ చించేశాయి. ముప్పై ఎనిమిదేళ్ళు తిరిగితే వచ్చిన ఒక్క వాక్యం. దాన్ని నేను గెలుపనే అంటాను, చిన్నదని కూడా అనను. కోర్టులో మాత్రం ఆ కేసులో నిలబడ్డ ఒక్క సైనికుణ్ణీ 2025 అక్టోబర్‌లో నిర్దోషిగా వదిలేశారు.

మన ఊళ్ళో

హైదరాబాద్ బెల్‌ఫాస్ట్ కాదు, ఆ పోలిక ఎక్కువ దూరం లాగితే తెగుతుంది. అయినా ఇక్కడ పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి చూడకుండా ఉండలేను.

1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా పోలీసు యాక్షన్, రజాకార్ల ఆట కట్టింది, నిజాం లొంగిపోయాడు. ఓడిపోయిన ఆ నిజామే 1950 నుంచి 56 దాకా హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్ (గవర్నర్ లాంటి పదవి), ఏటా 50 లక్షల రాజభరణం. గడీలొదిలి పట్నం పారిపోయిన దొరలు గాంధీ టోపీలు పెట్టుకుని ఊళ్ళకి తిరిగొచ్చారు, దున్నుకుంటున్న భూములు మళ్ళీ లాక్కోవాలని చూశారు, అందుకే రైతుల సాయుధ పోరాటం కొత్త ప్రభుత్వం మీద కూడా 1951 దాకా నడిచింది. పోలీసు యాక్షన్ తర్వాత జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండని సుందర్‌లాల్ కమిటీ చూసొచ్చి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసిస్తే ఆ రిపోర్టు దశాబ్దాలపాటు బీరువాలోనే ఉంది. రజాకార్ల చేతిలో కాలిపోయిన ఊళ్ళ కథలు మా నాయనమ్మ దగ్గర బోలెడు విన్నాను, ఈ రెండో కథ మాత్రం ఇంట్లో ఎవరూ చెప్పలేదు. 2022 సెప్టెంబర్ 17న ఇదే ఊళ్ళో పొద్దున్నే అమిత్ షా పరేడ్ గ్రౌండ్స్‌లో, కేసీఆర్ పబ్లిక్ గార్డెన్స్‌లో విడివిడిగా జెండాలెగరేశారు. డెబ్భై నాలుగేళ్ళ తర్వాత కూడా ఆ రోజు ఎవరిదో తేలలేదు.

నా కళ్ళారా చూసింది 1990 డిసెంబర్. అప్పుడు మేం పాతబస్తీలో ఉండేవాళ్ళం, లాల్‌దర్వాజా వైపు. వందమందికి పైగా చనిపోయిన గొడవలు. కర్ఫ్యూ, మిద్దె మీద రాళ్ళ కుప్పలు, రాత్రంతా ఎక్కడో "వస్తున్నారు వస్తున్నారు" అనే కేకలు, ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. మా గల్లీ మొగలో ఒక టైలర్ చాచా షాపు ఉండేది. కర్ఫ్యూ సడలించినప్పుడు అందరూ పాలకీ కూరగాయలకీ పరిగెత్తుతుంటే చాచా మాత్రం ఇంటింటికీ తిరిగాడు, కుట్టడానికి ఇచ్చిన బట్టలన్నీ పేపర్లో చుట్టి, పైన ఎవరివో రాసి, వాపస్ ఇచ్చాడు. షాపు ఎత్తేస్తున్నాడట. అమ్మ జాకెట్లు రెండు కత్తిరించి ఉన్నాయి, కుట్టలేదు. "మాఫ్ కర్నా అమ్మా, టైం లేకపోయింది" అని తెలుగులోనూ ఉర్దూలోనూ కలిపి చెప్పాడు. ఇంకొన్నాళ్ళకి మేమూ ఇల్లు వచ్చిన ధరకి అమ్మేసి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేశాం. అక్కడి టైలర్ ఆ ముక్కలు చూసి "ఎవరో కత్తిరించింది నేను కుట్టనమ్మా" అనేశాడు.

మరి ఎవరు గెలిచారు? చెన్నారెడ్డి ప్రభుత్వం పోయింది, ఇంకో వారం తిరక్కుండా వేరే ముఖ్యమంత్రి వచ్చాడు. సొంత పార్టీలో పడనివాళ్ళే ఇదంతా చేయించారన్న ఆరోపణ అప్పట్లో గట్టిగా నడిచింది. భయంతో అమ్ముకునే ఇళ్ళని సగం ధరకి కొన్న బ్రోకర్లు మా గల్లీలోనే ఉన్నారు. వీళ్ళెవరి ఇంటి మీదా రాయి పడలేదు.

ఇక్కడ ఒక మిత్రుడు నాతో గొడవ పడతాడు. "నీ లెక్క ప్రకారం నాయకులూ బ్రోకర్లూ తప్ప అందరూ అమాయకులే, మరి రాళ్ళు విసిరిందెవరు, ఆకాశంలోంచి వచ్చారా?" అని. న్యాయమైన ప్రశ్నే. మిద్దె మీద రాళ్ళు పోగేసినవాళ్ళలో మా ఇంటివాళ్ళూ ఉన్నారు. విద్వేషం పైనుంచి కిందకి మాత్రమే పారదు, కింద కూడా ఊట ఉంటుంది. కాకపోతే కిందవాడికి ఆ విద్వేషం వల్ల దక్కేది ఒక రాత్రి పౌరుషం, పైవాడికి దక్కేది ఐదేళ్ళ పదవి. ఇద్దర్నీ ఒకే గాటన కట్టి "అందరూ ఓడిపోయారు" అంటే నేనొప్పుకోను.

మళ్ళీ అంత పెద్ద గొడవ ఈ ఊళ్ళో కాలేదు, అది మామూలు విషయం కాదు. కానీ అప్పటి మిక్స్‌డ్ బస్తీలు చాలావరకు పోయాయి, మావాళ్ళు ఇటొచ్చారు, ఇటువైపు ఉన్న ముస్లింలు అటెళ్ళారు. ఇప్పుడు టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న పేరు, రెండోది వెజ్జా నాన్‌వెజ్జా. బెల్‌ఫాస్ట్‌లో ఇదే పని గోడలతో చేస్తారు. పీస్ వాల్స్ అంటారు, 1969లో తాత్కాలికమని కట్టారు, 2023 కల్లా తీసేస్తామన్నారు, ఇంకా ఉన్నాయి, కొన్నిటికి రాత్రిపూట గేట్లు మూస్తారు. రెండు మతాల పిల్లలూ కలిసి చదివే ఇంటిగ్రేటెడ్ బళ్ళల్లో ఈరోజుకీ నూటికి పదిమంది పిల్లలు కూడా లేరు. మా పిన్ని కొడుకు అద్దెకి ఇల్లు వెతుకుతుంటే వాళ్ళ ఆఫీసులో కొలీగ్ మ్యాప్ తెరిచి, "ఇక్కడ ఉండు, ఈ రోడ్డు దాటి వద్దు" అని వేలితో చూపించాడట. "అన్నా, అచ్చం మన ఊళ్ళో బ్రోకర్ లాగే చెప్పాడు" అని నవ్వాడు వాడు.

2024 ఆగస్టులో వాడు నవ్వలేదు. ఇంగ్లాండ్‌లో రాజుకున్న అల్లర్లు బెల్‌ఫాస్ట్‌కి పాకి, బయటిదేశాలవాళ్ళ షాపులు పగలగొట్టారు, తగలబెట్టారు. ఆ నిరసనలో బ్రిటిష్ జెండా, ఐరిష్ జెండా పక్కపక్కనే కనిపించాయి. మూడు దశాబ్దాలు ఒకరి జెండా ఇంకొకరు తగలబెట్టుకున్న ఊళ్ళో ఆ రెండూ కలిసింది మావాడిలాంటివాళ్ళని వెళ్ళగొట్టడానికి! వారం తర్వాత అదే ఊళ్ళో వేలమంది జాత్యహంకారానికి వ్యతిరేకంగా ర్యాలీ తీశారు, అదీ చెప్పాలి. వాడు ఆ ర్యాలీకి వెళ్ళొచ్చాడు, పిన్నికి చెప్పొద్దన్నాడు.

రేపటి ఓటు

ఇప్పుడు అక్కడ నడుస్తున్న అసలు చర్చ ఐర్లాండ్ ఏకీకరణ మీద ఓటింగ్. ఒప్పందం ప్రకారం సగానికి ఒక్క ఓటు ఎక్కువొచ్చినా చాలు, దేశం మారిపోతుంది. మాలన్ తన చివరి రోజుల్లో, ఆయనకి కూడా ఏకీకరణే కావాలి, అయినా 50 శాతం మీద ఒక్క ఓటుతో చెయ్యొద్దు, అవతలివాళ్ళలో కూడా తగినంతమంది సరేననే దాకా ఆగుదాం అన్నాడు. సొంతవాళ్ళే ఆయన మీద విరుచుకుపడ్డారు. యాభై ఏళ్ళు మెజారిటీని అడ్డం పెట్టుకుని వాళ్ళు మమ్మల్ని తొక్కినప్పుడు లేని ధర్మం మా వంతు వచ్చేసరికి పుట్టుకొచ్చిందా అని. వాళ్ళ కోపం అన్యాయమని నేను చెప్పలేను. రూల్ మధ్యలో మార్చడం మోసమే అవుతుంది కూడా.

అయినా నా ఓటు మాలన్‌కే. 50.5 శాతంతో ఏకీకరణ జరిగితే ఆ మర్నాడు షిన్ ఫేన్ నాయకులు డబ్లిన్‌లో టపాసులు కాలుస్తారు, యూనియనిస్టు నాయకులు నష్టపోయిన జాతికి కొత్త వీరులవుతారు, రెండువైపులా వచ్చే ఎన్నికలకి సరుకు దొరుకుతుంది. గోడ పక్కన ఇల్లున్నవాళ్ళు మాత్రం ఈలోపే బ్రోకర్‌కి ఫోన్ చేసి ఉంటారు, వచ్చిన ధరకి అమ్మెయ్యమని.